అమ్మ చేతికి మూడు రిబ్బన్లు

స్కూలు గేటు ముందు మోపెడ్ ఆగింది. దుర్గ గుండె గుభేలుమంది.

అమ్మ వచ్చినందుకు కాదు. అమ్మ ఎడమ చేతికి మూడు రిబ్బన్లున్నందుకు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి నీలంది.

ఆ రోజు శనివారం. ఆరో తరగతి పిల్లలకి ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజు. పోయినసారి ఇలాగే అమ్మ వచ్చినప్పుడు వీరవేణి చూసి, "మీ అమ్మ చెయ్యేంటే, గంగిరెద్దు కొమ్ములా ఉంది!" అంది. క్లాసంతా పడీ పడీ నవ్వింది.

దుర్గ గేటు దగ్గరకి పరిగెత్తింది.

"అమ్మా, అవి తీసెయ్యవా?"

"ఏవే?"

"అవే. చేతికున్నవి."

అమ్మ సూర్యకళ తన చెయ్యి చూసుకుంది. "తీసేస్తే నా పనులు నాకెవరు చెప్తారే?"

సూర్యకళకి పని చేతకాక కాదు. చాలా హుషారైన మనిషి. కానీ ఒక పనిలో ఉండగా ఇంకోటి కనిపిస్తే దాని వెంట వెళ్ళిపోయేది. పాలు పొయ్యి మీద పెట్టి, పెరట్లో మొక్క వాడిందని నీళ్ళు పోయడానికి వెళ్ళేది. పాలు పొంగి, గిన్నె మాడి, పొగ వీధిలోకి వచ్చేది. అదే నచ్చిన పనిలో పడిందంటే పక్కన డప్పు కొట్టినా వినపడేది కాదు. ఇలాంటి వాళ్ళకున్నది ఏడీహెచ్‌డీ అని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. ఇది జరిగిన ఇరవై ఏళ్ళ కిందట, వాళ్ళ ఊరు కడియంలో ఆ పేరు ఎవరికీ తెలీదు. "పరాకు మనిషి" అనేవారు, అంతే. ఫోనులో అలారం పెట్టుకునే రోజులు కూడా కావు అవి.

అందుకే సూర్యకళ తనకి తానే ఓ ఉపాయం కనిపెట్టుకుంది. వాళ్ళది మొక్కల నర్సరీ. ఏ మొక్క ఏ లారీ ఎక్కాలో తెలియడానికి కొమ్మలకి రంగు రిబ్బన్లు కడతారు. ఆవిడ వాటినే తన చేతికి కట్టుకుంది. పొద్దున్నే ఎన్ని పనులో అన్ని రిబ్బన్లు. పని అయిపోతే విప్పి డబ్బాలో వేసేది. చెయ్యి ఖాళీ అయ్యేదాకా కునుకు తీసేది కాదు. ఈ రెండేళ్ళలో ఒక్క లారీ కూడా తప్పు మొక్కలతో కదల్లేదు.

ఈసారి ఇంకా పెద్ద పని నెత్తికెత్తుకుంది. దుర్గ వాళ్ళ నాన్న అప్పాజీ మొక్కల లారీతో నాగపూర్ వెళ్తూంటే, "మల్లె అంట్లు ఈసారి నాకొదిలెయ్యండి" అంది. వేళ్ళు పట్టడానికి నాటిన ముప్పై వరసల మల్లె కొమ్మలు. పైన వెదురు బద్దలు వంచి, పాలిథిన్ షీటుతో గుడారం.

నానమ్మ సంపూర్ణమ్మ అప్పుడే మూతి తిప్పింది. "పొయ్యి మీద పాలే గుర్తుండవు. ఈవిడ చేతిలో పెడతావట్రా మల్లెలు?"

"చెయ్యనీ అమ్మా," అన్నాడు అప్పాజీ. పది రోజులుగా కొమ్మలు చక్కగా చిగురిస్తున్నాయి. రేపే ఆయన వచ్చి చూస్తాడు.

"పసుపుది గుడారానికే," అంది సూర్యకళ కూతురితో. "పదకొండింటికి పక్కలు పైకెత్తాలి. ఎత్తకపోతే ఈ ఎండకి లోపల ఉడికిపోతాయి."

"నేను గుర్తు చేస్తాగా! కార్డు తీసుకుని నీతోపాటే వచ్చేస్తాను. దారంతా గుడారం, గుడారం అని చెబుతూనే ఉంటాను. సరేనా?"

"అంత సిగ్గుగా ఉందా నీకు?"

దుర్గ నేల చూసింది.

సూర్యకళ చెయ్యి చాపింది. "సరే, తియ్యి. నీదే పూచీ."

దుర్గ గబగబా మూడూ విప్పి జామెట్రీ బాక్సులో పెట్టేసింది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. మేడమ్ కార్డు చేతికిచ్చి, "లెక్కల్లో బాగా మెరుగయ్యిందండీ మీ అమ్మాయి," అన్నారు.

"ఆయ్, మీ దయండి," అంది సూర్యకళ సంబరంగా.

బయటికి రాగానే వీరవేణి అడ్డొచ్చింది. "దుర్గా, తొక్కుడుబిళ్ళకి ఒకళ్ళు తక్కువయ్యారే. రావే, ఒక్క ఆటే!"

ఆ రోజు వీరవేణి తనంతట తానే పిలిచింది. దుర్గకి ఇంకేం గుర్తుంటుంది? "అమ్మా, నువ్వెళ్ళు. నేను తర్వాత వస్తాను!" అంటూ పరిగెత్తింది.

ఒక్క ఆట నాలుగాటలయ్యింది. గళ్ళు చెరిగిపోయాయి.

"నీ బాక్సులో సుద్దముక్క ఉందా?" అంది వీరవేణి.

దుర్గ బాక్సు తెరిచింది. పైనే పసుపు రిబ్బను.

ఆఫీసు రూము గోడ మీద గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది. కాళ్ళ కింద మట్టి కాలిపోతోంది. దుర్గ బ్యాగు కూడా తీసుకోకుండా పరుగు అందుకుంది.

నర్సరీలో సూర్యకళ క్రోటన్ కుండీల మధ్య కూర్చుని ఉంది. ఆకుల రంగుని బట్టి వరసలు పేరుస్తోంది. ఆ పని ఆవిడకి మహా ఇష్టం.

"అమ్మా! గుడారం!"

సూర్యకళ ఉలిక్కిపడి చేతికేసి చూసింది. ఖాళీ చెయ్యి.

ఇద్దరూ పరిగెత్తారు. షీటు ఎత్తగానే అన్నం గిన్నె మూత తీసినట్టు వేడి ఆవిరి మొహాన కొట్టింది. లేత చిగుళ్ళన్నీ తలలు వాల్చేశాయి.

"ఆ పక్క ఎత్తు! నీళ్ళు ఒకేసారి కుమ్మరించకు, చిలకరించు," అంది సూర్యకళ. అప్పుడు ఆవిడ ఇంకెటూ చూడలేదు. కొబ్బరాకులు లాక్కొచ్చి నీడ కప్పింది. వరసా వరసా తడిపింది. దుర్గ చిన్న బకెట్టుతో ఎన్నిసార్లు బోదె కాలవ దగ్గరికి వెళ్ళి వచ్చిందో లెక్కే లేదు.

సాయంత్రానికి చాలా వరసలు తల ఎత్తాయి. చివరి తొమ్మిది ఎత్తలేదు.

సంపూర్ణమ్మ వచ్చి నడుం మీద చెయ్యేసుకు నిలబడింది. "నేను ముందే మొత్తుకున్నాను. వింటేగా! రానీ వాణ్ణి."

సూర్యకళ తల వంచుకుంది. దుర్గ బకెట్టు కింద పెట్టింది. ఊరుకుంటే మాట అమ్మ మీదే పడుతుంది. తనని ఎవరూ ఏమీ అనరు.

"అమ్మ మర్చిపోలేదు నానమ్మా," అంది గట్టిగా. "రిబ్బన్లు నేనే తీయించాను. నేను గుర్తు చేస్తానన్నాను. ఆటలో పడి మర్చిపోయాను. నాన్నకి కూడా నేనే చెప్తాను."

సంపూర్ణమ్మ మనవరాలి మొహం చూసింది. కోడలి ఖాళీ చెయ్యి చూసింది.

"అంటే ఆ పీలికలు అంత పని చేస్తాయా?"

"చేస్తాయి అత్తయ్యగారూ," అంది సూర్యకళ తల ఎత్తి. "నా బుర్ర సంగతి నాకు తెలుసు. అందుకే చేతికి కట్టుకుంటాను."

ముసలావిడ చెయ్యి చాపింది. "అయితే నాకూ ఒకటి కట్టు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో తెలిసి చావట్లేదు."

సూర్యకళకి నవ్వు ఆగలేదు.

ఆదివారం దుర్గ నాన్నకి అంతా చెప్పింది. అప్పాజీ గుడారమంతా తిరిగి చూశాడు. పోయినవి పీకేసి, "ఈ తొమ్మిది వరసలూ మళ్ళీ నాటండి. ఇద్దరూ కలిసి," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం సూర్యకళ స్కూలుకి క్యారేజీ తెచ్చింది. గేటు దగ్గర పిల్లలందరూ ఉన్నారు. ఆవిడ ఎడమ చెయ్యి పైట చాటున దాచుకుంది.

దుర్గ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

"ఎర్రది లారీకి. పసుపుది గుడారానికి. మరి నీలం?"

"నీ క్యారేజీకే."

"అయితే ఇది అయిపోయింది కదా!" అంటూ అందరూ చూస్తుండగా నీలం రిబ్బను విప్పింది. "పసుపుది కూడా ఇలా ఇవ్వు."

"పొద్దుటి పని అయిపోయిందే. సాయంత్రం అయిదింటికి నీళ్ళు చిలకరించడమే మిగిలింది."

"అది ఇక నాది."

పసుపు రిబ్బను విప్పి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, తన చేతికి ముడేసుకుంది.

వీరవేణి దగ్గరికొచ్చింది. "ఏంటే, నువ్వూ గంగిరెద్దువైపోయావా?"

"అవునే," అంది దుర్గ, చెయ్యి పైకెత్తి చూపిస్తూ. "ఇవాళ నాలుగున్నరకే ఇంటికెళ్ళిపోతాను. ఆటకి పిలిచేముందు దీన్ని చూసి పిలువు."