ఆగకూడని యంత్రం

"ఎవరు ఆపారు దీన్ని?"

ల్యాబ్ గుమ్మంలో నిలబడి పరిశోధకురాలు వేసిన కేకకు మెకానిక్ చేతిలో స్పానర్ జారిపడింది.

"నేనేనండీ. బెల్టు కిర్రుమంటోందని బిగించాను. నాలుగు నిమిషాలే..."

"ఏడు రోజుల పని మట్టికొట్టుకుపోయింది!"

పాపం, అతనికేం తెలుసు? ఆ యంత్రంలో ఉన్నవి మనిషి రక్తనాళాల కణాలు. ఏది పైనో ఏది కిందో తెలియకుండా ఎడతెరిపి లేకుండా తిప్పుతుంటే, అవి అంతరిక్షంలో బరువు లేకుండా తేలుతున్నట్టే ఉంటాయి. ఆపితే మళ్లీ మొదటికే. "ఇంకొక్క అవకాశం, అంతే" అన్నారు ఆమె ప్రొఫెసర్. అదీ పోతే యంత్రం వేరేవాళ్లకు వెళ్తుంది, మూడేళ్ల పరిశోధన మధ్యలోనే ఆగిపోతుంది.

మర్నాటి నుంచి అతను పిలవకపోయినా వచ్చి, బెల్టు దగ్గర చెవి పెట్టి వినేవాడు.

"డాక్టరుగారూ, పేషెంటుకెలా ఉంది?" అని ఆమె ఏడిపించేది.

"పేషెంటు బాగానే ఉందండీ. తిట్లు తిన్న డాక్టరుకే ఇంకా దడ తగ్గలేదు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు తిట్లు తినొచ్చనిపించింది అతనికి.

పరీక్ష మళ్లీ మొదలుపెట్టిన పదో రోజు మధ్యాహ్నం, బయట సన్నగా వాన. అది ముగియడానికి రెండు గంటలుందనగా బెల్టు సాగి జారడం మొదలుపెట్టింది. ఆపి మార్చే వీల్లేదు. అతను చిన్న రోలర్‌ను రెండు చేతులతో బెల్టుకు అదిమిపట్టి అలాగే నిలబడ్డాడు.

అంతలో జేబులో ఫోన్ మోగింది. ఆమే తీసి అతని చెవికి ఆనించింది.

"అమ్మా, అన్నానికి రాలేను. రెండు చేతులూ ఖాళీ లేవు."

"మరి ఫోనెవరు పట్టుకున్నార్రా?"

అతను రోలర్‌ను ఇంకాస్త గట్టిగా అదిమాడు.

"రోజూ చెప్తావే, ఆ తిట్టినమ్మాయేనా?"

ఆ గొంతు ల్యాబంతా వినిపించింది. ఆమె ముఖం ఎర్రబడింది. అయినా ఫోన్ మాత్రం తీయలేదు.

ఐదింటికి యంత్రం ఆపి, ఆమె మైక్రోస్కోపులో చూసింది. కొన్ని కణాలు పాత్ర అడుగును వదిలి, ఒకదాన్నొకటి పట్టుకుని, సన్నటి గొట్టాలు కట్టాయి. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"చూడండి, రక్తనాళంలా ఎలా అల్లుకున్నాయో!"

చూద్దామంటే మైక్రోస్కోపు మర తిప్పడం అతని వల్ల కాలేదు. రెండు గంటలు రోలర్‌ను అదిమిపట్టిన చేతులు బిగుసుకుపోయాయి. ఆమె వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

"రేపు కూడా రండి."

"దేనికండీ? యంత్రం పనైపోయిందిగా."

"మీరంటే నాకిష్టం. అందుకు."



"ఎన్నింటికి రమ్మంటారండీ?"