తేటకన్ను తొమ్మిదో కూర్పు

"మొన్న మచ్చ లేదన్నారు. ఇవాళ మూడు కనిపిస్తున్నాయి," అంటూ సోమయాజులు ముక్కుపుడకను బల్లమీద పెట్టాడు. రాజమహేంద్రవరంలోని ఆ నగల దుకాణానికి అతను రావడం ఇది ఐదోసారి. పక్కనే కూర్చున్న భార్య హైమవతి నిట్టూర్చింది.

"రాయి అదేనండి. మీ తేటకన్నే మారిందండి," అన్నాడు వర్తకుడు సూర్యచంద్రం, ఓపిక కూడగట్టుకుని.

తేటకన్ను అంటే కంటిపాపమీద అతికే పల్చటి పొర. ఊళ్లో అది లేని కన్ను లేదు. ఏ వజ్రాన్ని చూసినా లోపలి నలుసులనూ బీటలనూ లెక్కపెట్టి తేట అంకె చూపుతుంది. పూర్వం పదింతలు చూపే భూతద్దంలో ఏమీ కనబడకపోతే మచ్చలేని రాయనేవారు. మామూలు కంటికి ఆనని నలుసు వల్ల మెరుపేమీ తగ్గదని కొనేవాళ్లకూ తెలుసు. తేటకన్నుకు కొత్తగా వచ్చిన తొమ్మిదో కూర్పు ఇప్పుడు లక్షింతలు చూపుతోంది. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాడికి యంత్రం కూడా తోడైంది!

దానికి తోడు అచ్చిరావడమొకటి. వజ్రాన్ని మూడు రోజులు దేవుడి దగ్గర ఉంచి, కీడేమీ జరగకపోతేనే పెట్టుకోవాలి. మచ్చలేని రాయి దొరకడానికి రెండు మూడు నెలలు, ఆపైన ఈ మూడు రోజులు, ఈలోగా తేటకన్నుకు కొత్త కూర్పు. ఒకసారైతే ఇంట్లో పాలు విరిగిపోయాయని సోమయాజులు రాయి తిరిగి ఇచ్చేశాడు.

ఇదంతా పెళ్లయి పాతికేళ్లయినందుకు ఇచ్చే కానుక కోసం. హైమవతి పాత పుడకలో నలుసుందని మొదటిరోజే తీయించి, మార్పిడికి ఇచ్చేశాడు. పద్నాలుగు నెలలుగా ఆమెది బోసిముక్కు. అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక పేరంటాలు మానేసింది. అద్దంలో తన మొహం తనకే ఎవరిదోలా ఉంది. ఆ మొహం తిరిగొస్తే చాలు ఆమెకు.

"ఏవండీ, మూడు మచ్చలేగా. పెట్టేసుకుంటాను."

"ఊరంతా చూస్తుందే! పాతికేళ్లకు ఇచ్చేది మచ్చతో ఇస్తానా?"

సూర్యచంద్రం విసుగ్గా లోపలికెళ్లి, ప్రయోగశాలలో అణువణువూ పేర్చి పెంచిన రాయితో మరో పుడక తెచ్చాడు. తొమ్మిదో కూర్పుకూ సున్నాయే. సోమయాజులు మొహం వెలిగిపోయింది. మూడు రోజుల సంగతే మరచిపోయి, "ఇప్పుడే పెట్టుకో," అన్నాడు.

హైమవతి ఆత్రంగా అద్దం ముందుకు వంగింది. పుడక కాడ ముక్కుకు ఆనింది గాని లోపలికి దిగలేదు. తిప్పి చూసింది. నూనె రాసి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సూర్యచంద్రం దీపం దగ్గరగా పెట్టి చూశాడు. "కుట్టు పూడిపోయిందమ్మా," అన్నాడు మెల్లగా.

"వేపపుల్లయినా పెట్టుకోవద్దుటే?" అన్నాడు సోమయాజులు.

"పెట్టుకున్నాను. 'రేపే వచ్చేస్తుంది, ఆ పుల్ల తీసెయ్, చూళ్లేకపోతున్నా' అన్నది మీరే. అలాంటి రేపులు ఎన్నొచ్చాయండీ?"

అతను మాట మార్చాడు. "పోన్లే, మళ్లీ కుట్టిద్దాం. క్షణంలో అయిపోతుంది."

"వద్దు." ఆమె పుడకను అతని చేతిలో పెట్టి లేచింది. "పద్నాలుగు నెలల్లో ఒక్కసారి నా మొహంకేసి చూసుంటే తెలిసేది మీకు. ఈ ముక్కుకు ఇంకేమీ పెట్టుకోను."