భీమేశ్ కట్టని పట్టీ

2068 నాటికి కాకినాడలో భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం ఎంత మామూలో, నడుముకి కాలేయపట్టీ బిగించుకోవడమూ అంతే మామూలైపోయింది. కుడి డొక్క మీద ఆనిస్తే అర నిమిషంలో కాలేయంలో కొవ్వు ఎంత శాతముందో అది చెబుతుంది. అదే అంకె ప్రయోగశాలకూ చేరుతుంది. ఆపైన అన్నంలో నాలుగు చుక్కలు ‘స్నిగ్ధదూత’ కలుపుకుంటే చాలు. కొవ్వు పట్టిన కాలేయాల గురించి పాఠాల్లో చదువుకోవడమే తప్ప చూసినవాళ్లు తక్కువ.

ఆ మందును కనిపెట్టిన డాక్టర్ నీరద ఆ ఉదయం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. లోపల ఆమె తమ్ముడు భీమేశ్ చనిపోయి గంటయింది. కాలేయంలో కొవ్వు పేరుకుని, వాచి, ఏళ్ల తరబడి మచ్చలు కట్టి గట్టిపడిపోయిందని డాక్టర్లు చెప్పారు. నీరద నమ్మలేకపోయింది. ఏళ్ల కిందట మందు పరీక్షలో చేరిన తొమ్మిది వందల మందిలో మొదటి పేరు భీమేశ్‌దే. మొదటి నెల అతని అంకె ఇరవై రెండు దగ్గర కదలకుండా ఉన్న మాట నిజమే. రెండో నెలలో ఒక్కసారిగా నాలుగుకి దిగింది. మళ్లీ పెరగలేదు.

గుడ్డు సొనలో, సోయాలో, చేపల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలనే ఆమె కొద్దిగా మార్చింది. ఆ అణువుకి ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస నూనెతో కలుస్తుంది. కాలేయంలోని కొవ్వు రక్తంలోకి బయల్దేరాలంటే దాని చుట్టూ ఇలాంటి అణువుల పొర ఉండాలి. లేకపోతే మూటకట్టని సరుకులా అక్కడే పడి ఉంటుంది. నీరద చేసిన అణువు ఆ కొవ్వును మూటకట్టి, కండరాల దాకా చేర్చి, అక్కడ ఖర్చయ్యేలా చేసేది. పదకొండేళ్ల కష్టం అది. కాజాల కొట్టు నడిపే భీమేశ్ బొద్దుగా ఉండేవాడు. అక్క మందు ముందు తన మీదే చూడాలని పట్టుబట్టి చేరాడు.

భీమేశ్ భార్య పల్లవి వచ్చి పక్కన కూర్చుంది. 

“ఆ పట్టీ కట్టుకున్నది ఆయన కాదు వదినా. నేను.”

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. మిగతా అందరికీ కొవ్వు తగ్గుతుంటే భీమేశ్‌కి తగ్గలేదు. తిండి సగం చేశాడు, పాకం రుచి చూడడం కూడా మానేశాడు. ఫలితం లేదు. సాయంత్రాలు తన అంకె చూసి అక్క ముఖం వాడిపోవడం చూడలేకపోయాడు. అంతమందికి పనిచేస్తున్న మందు తనొక్కడి వల్ల ఆగిపోకూడదని, రెండో నెల నుంచి పట్టీ ఆమె చేత కట్టించాడు. కాళ్లు వాచినప్పుడు కూడా కొట్లో నిలబడడం వల్లనే అని సరిపెట్టాడు.

నాలుగో రోజు నీరద ప్రయోగశాలకు వెళ్లింది. పరీక్షప్పుడు దాచిన భీమేశ్ మల నమూనాను తీయించి, అక్కడి కంప్యూటర్ ‘పరిశీలిని’కి అప్పగించింది. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. అతని ప్రేగుల్లో ఒక రకం బాక్టీరియా ఎక్కువగా ఉంది. మందు కాలేయానికి చేరకముందే అది విరిచేస్తోంది. వెయ్యి మందిలో ఒకరికి అలా ఉండవచ్చు.

“అప్పుడే తెలిసుంటే బతికేవాడా?” అని నీరద అడిగింది.

“అప్పుడు ఆయన కాలేయంలో మచ్చలు లేవు. వేరే చికిత్సకు సమయం ఉండేది.”

“పట్టీ కట్టుకున్నది వేరే మనిషని నీకు తెలియలేదా?”

“తెలిసింది. పట్టీ గుండె లయను కూడా నమోదు చేస్తుంది. అది భీమేశ్ గారిది కాదని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ మీరు ‘పరికర లోపం’ అని సంతకం చేశారు.”

తెర మీద మూడు పేజీలు వచ్చాయి. సంతకాలు ఆమెవే. మూడోది చివరిదాకా చదివినట్టు కూడా ఆమెకు గుర్తు లేదు. అంకె బాగుంది, తమ్ముడికి నయమవుతోంది. అంతకు మించి తెలుసుకోవాలని ఆమెకు అనిపించలేదు. అక్కను సంతోషపెట్టాలని వాడు అబద్ధమాడాడు. ఆ సంతోషం పోతుందని తను నిజం చూడలేదు.

కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత ఇప్పుడు వాడుకలో ఉన్న పట్టీల్లో సొంతదారు గుండె లయతో కలవనివి ఎన్నో లెక్క తీయమంది. నలభై రెండు వేలు. ఎవరికోసమో ఇంకెవరో కట్టుకుంటున్న పట్టీలు.

అన్ని పేర్లూ తెరిపించి, మొదటి నంబరుకి తనే ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది. నీరద పేరు వినగానే ఆమె గొంతులో సంతోషం పొంగింది. మందు చలవ వల్ల ఇంట్లో అందరూ బాగున్నారని, తన భర్త హాయిగా తింటున్నారని చెప్పుకుపోయింది.

నీరద ఆమెను చివరిదాకా చెప్పనిచ్చింది. అప్పుడు మెల్లగా అడిగింది.

“ఆయన పట్టీ ఎవరు కట్టుకుంటున్నారమ్మా?”

అవతలి నుంచి ఏడుపు వినిపించింది.