త్రాసులో ఇరవై గ్రాములు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, చెయ్యి మెల్లగా కదులుతుంది.

కెన్యాలో మా బుంగోమా ఊళ్లో ప్రైవేట్ డిటెక్టివ్ సిమియు గదిలోకి ఆ ఉదయం ఫిజిక్స్ టీచర్ నలియాకా పరుగున వచ్చింది. పిల్లలు టైపు చేసిన కొలతలను కంప్యూటరే దిద్దే పద్ధతిని స్కూల్లో పెట్టింది ఆమే. నిన్న ఒక రాయిని తూచి రాయమంటే, కంప్యూటర్ నలభైమందికీ సున్నా వేసింది. అవే జవాబులను సీనియర్ టీచర్ బరాసా కాగితాల మీద అచ్చు తీయించి చేత్తో దిద్ది, ఒక్కడికి తప్ప అందరికీ మార్కులిచ్చాడు.

"దానికి గ్రాములకీ న్యూటన్లకీ తేడా తెలీదని బరాసా గారు ఒకటే నవ్వు. మధ్యాహ్నానికల్లా దాన్నీ నన్నూ కలిపి బయటికి పంపేస్తారు, పెద్దాయనా!"

సిమియు తన సహాయకుడు వఫూలాతో స్కూలుకు వెళ్లాడు. కంప్యూటర్లో నలియాకా పెట్టిన సరైన జవాబునే ముందు మూడువందల గ్రాములనీ, తర్వాత మూడు న్యూటన్లనీ కొట్టి చూశాడు. రెండింటినీ ఒప్పుకుంది. ఆపైన జవాబులు చదివాడు. కొందరు 320 గ్రాములు, కొందరు 3.2 న్యూటన్లు. ఒకడు 310 గ్రాములు రాస్తే దాన్ని బరాసా ఎర్రసిరాతో కొట్టేశాడు.

"రెండు రకాల తప్పులు సార్" అన్నాడు వఫూలా.

"ఒకటే తప్పురా, రెండు చొక్కాలు తొడుక్కుంది."

వఫూలాకు ఎప్పటిలాగే మెచ్చుకోలుతోపాటు కాస్త కుళ్లూ కలిగింది. తనకెందుకు తట్టలేదు?

బరాసా స్టాఫ్ రూములో నూనెలో వేయించిన మందాజీ రొట్టెను చాయ్‌లో ముంచుకుంటున్నాడు.

"రాయి బరువు మీకెలా తెలుసు, మ్వాలిము?" అన్నాడు సిమియు. టీచర్‌ను మా దగ్గర అలాగే పిలుస్తాం.

"సోమవారం నలియాకా తూస్తుంటే పక్కనుండి రాసుకున్నా. మళ్లీ త్రాసు ముఖం చూస్తే ఒట్టు! దిద్దడానికి నాకు కరెంటు అక్కర్లేదులే."

"త్రాసులుంచే బీరువా తాళంచెవి?"

"ఇరవై ఆరేళ్లుగా నా దగ్గరే. అదొక్కటే మిగిలింది నాకు."

సిమియు అందరినీ ల్యాబ్‌కు పిలిచాడు. స్ప్రింగ్ త్రాసులు నాలుగింటినీ ఖాళీగా వేలాడదీశాడు. నాలుగు ముళ్లూ ఇరవై గ్రాముల దగ్గరే నిలిచాయి.

"ముల్లును సున్నా దగ్గర నిలిపే పై మరను ఎవరో తిప్పారు. కంప్యూటర్లో ఉన్నది సోమవారపు తూకం, మూడువందలు. పిల్లలకు కనబడింది మూడువందల ఇరవై. తప్పు పిల్లలదీ కాదు, కంప్యూటర్‌దీ కాదు."

"తిప్పిందెవరు?" అన్నారు ప్రిన్సిపాల్.

"సోమవారపు తూకమే తెలిసిన మనిషి 320ని కొట్టేయాలి. బరాసా గారు దానికి మార్కులిచ్చి, అసలు బరువుకి ఇంకా దగ్గరున్న 310ని కొట్టేశారు. చెడిన త్రాసు ఎంత చూపిస్తుందో ఆయనకు ముందే తెలుసు."

బరాసా ఒక త్రాసును కొక్కెం నుంచి తీసి బల్లమీద పెట్టాడు.

"పిల్లలు నా గుమ్మం దగ్గర కాపుకాసేవాళ్లు, ఎన్నొచ్చాయి మ్వాలిము అంటూ. ఇప్పుడు ఆ పెట్టె ముందు కేరింతలు కొడుతున్నారు. చూడలేకపోయాను."

ప్రిన్సిపాల్ చెయ్యి చాచారు. బరాసా జేబులోంచి బీరువా తాళంచెవి తీసిచ్చాడు. ప్రిన్సిపాల్ దాన్ని నలియాకా చేతిలో పెట్టారు.

"త్రాసు పట్టుకోవడం నాకు నేర్పింది మీరే కదా, మ్వాలిము" అంది నలియాకా.

"నా చోటు తీసుకున్నది ఇంకెవరైనా అయితే ఓర్చుకునేవాణ్ణమ్మా" అన్నాడు బరాసా.

ఇది రాసింది నమాల్వా, డెబ్బై ఒక్క ఏళ్లు, ఇప్పుడు ఉండేది వెబుయేలో.