అట్టముక్కల ఖోలీ

రాజమ్మ చాయ్‌లో నిమ్మగడ్డి తుంచి వేస్తుండగా కొరియర్ అతను వచ్చాడు. చాయ్‌లో నిమ్మగడ్డి వేయడం సూరత్‌కు వచ్చిన కొత్తలో పక్కింటి గుజరాతీ ఆవిడ దగ్గర నేర్చుకున్న అలవాటు. ముప్ఫై ఏళ్లు దాటినా పోలేదు. తలుపు దగ్గరకెళ్లి సంతకం పెట్టింది కూతురు సుమన. పెట్టె చేతికి రాగానే కత్తెర కోసం కూడా ఆగకుండా టేపును గోళ్లతో పీకేసింది.

లోపల పది పుస్తకాలున్నాయి. గుజరాతీలో అచ్చయిన పిల్లల బొమ్మల పుస్తకం. కథ, బొమ్మలు రెండూ సుమనవే. ఇరవై ఏడేళ్ల సుమన డిప్లొమా చదివాక నాలుగేళ్లపాటు చీరల కేటలాగులకు పువ్వులూ మామిడి పిందెలూ గీసి గీసి విసిగిపోయింది. ఇది ఆమె మొదటి పుస్తకం. అహ్మదాబాద్‌లో ఒక ప్రచురణ సంస్థ వేసింది. రాజమ్మకు గుజరాతీ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అట్ట మీద కూతురి పేరు ఎక్కడుందో అడిగి తెలుసుకుని, ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమింది.

"బాపూ, చూడు," అంటూ సుమన ఒక పుస్తకం తండ్రి చేతిలో పెట్టింది.

పరమేశ్వర్ బాల్కనీలో తన చిన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చి, ఇరవై తొమ్మిదేళ్లు మరమగ్గాల కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మాస్టర్‌గా పనిచేసి, మూడేళ్ల కిందట మానేశాడు. ఊరికే ఉండలేని చేతులవి. మొదట నూలు చుట్టే చెక్క కండెలు విరిగిన ముక్కలతో బుడ్డి బిందెలు చెక్కాడు. తర్వాత ఏడాదంతా కూర్చుని, లింబాయత్ బస్తీలో వాళ్లు పద్నాలుగేళ్లు కాపురమున్న ఒంటి గదిని అట్టముక్కలతో మళ్లీ కట్టాడు. అలాంటి గదిని సూరత్‌లో ఖోలీ అంటారు. జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. సోడా మూతతో చేసిన స్టవ్వు, చీర అంచుతో కుట్టిన బొంత, గోరంత క్యాలెండరు, దండెం మీద వేలెడు చొక్కా. ఇంటికి ఎవరొచ్చినా షోకేసు మీదున్న ఆ ఖోలీని చూశాకే కుర్చీలో కూర్చునేవారు.

పరమేశ్వర్ పుస్తకం తెరిచాడు. రాజమ్మ చాయ్ పట్టుకుని భుజం వెనక నుంచి తొంగి చూసింది. పేజీ తిప్పితే ఖోలీ. ఇంకో పేజీ తిప్పితే మళ్లీ ఖోలీ. అదే బొంత, అదే దండెం, అదే చొక్కా. బొమ్మలోని స్టవ్వుకు కూడా సోడా మూతకున్నట్టు అంచు చుట్టూ నొక్కులున్నాయి. అచ్చం మన ఖోలీయే కదా అని రాజమ్మ మురిసిపోయింది. పరమేశ్వర్ కూడా నవ్వాడు. మంచిగా గీసిందన్నాడు.

చివరి పేజీ దగ్గర అతని వేలు ఆగింది. కార్ఖానాలో హాజరు పట్టీ చూసి చూసి నేర్చుకున్న గుజరాతీ అతనిది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ కిందిదాకా చదివాడు. మళ్లీ పైనుంచి మొదలుపెట్టి కిందిదాకా వచ్చాడు. ఆ తర్వాత పుస్తకం మూసి, చాయ్ చల్లారిపోయిందని చెప్పి, ఆ చల్లటి చాయే తాగేశాడు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, చివరి పేజీలో ఏం రాశావని రాజమ్మ కూతుర్ని అడిగింది. కృతజ్ఞతలు అంది సుమన. పేర్లు వరసగా చెప్పుకుపోయింది. బొమ్మలు నేర్పిన టీచరు, పుస్తకం వేసిన సంపాదకురాలు, ఇద్దరు స్నేహితురాళ్లు, మెట్ల కింద తాను రోజూ పాలుపోసే పిల్లి. పిల్లి దగ్గర నవ్వబోయి ఆగిపోయింది. ఆ వరసలో తండ్రి పేరు రాలేదు. సుమన కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో పైకి ఏమీ మారలేదు. పరమేశ్వర్ పొద్దున్నే నడకకు వెళ్లాడు. వచ్చేటప్పుడు కూతురికి ఇష్టమని వేడి వేడి శనగపప్పు లోచో పొట్లం కట్టించుకొచ్చాడు. పాత దోస్తు సోమలింగానికి ఒక పుస్తకం తీసుకెళ్లి ఇచ్చి, మా బిడ్డ రాసిందని చెప్పుకున్నాడు. కానీ బాల్కనీలో బ్లేడు, గమ్ము, అట్టముక్కలు పెట్టుకునే డబ్బా మాత్రం తెరవలేదు. రాజమ్మ రోజూ బల్ల తుడుస్తూ ఆ డబ్బా కదలకుండా ఉండటం చూసేది. ఈ మనిషి ఒక్కసారి కోపం చేస్తే బాగుండు అనుకునేది. పెళ్లయిన నాటి నుంచి అతనికి నొప్పి కలిగితే గొంతు పెరగదు, చేతులు ఆగిపోతాయి.

ఆదివారం పొద్దున హాల్లో సుమన ఫోను మోగింది. ఏదో గుజరాతీ పత్రిక నుంచి విలేకరి. సుమన నుంచునే మాట్లాడింది. అంత చిన్నప్పటి ఇల్లు అంత వివరంగా ఎలా గీశారని అవతలి మనిషి అడిగినట్టుంది. ఫొటోలు లేవనీ, చూసి గీయడానికి నమూనా కూడా ఏదీ లేదనీ, కళ్లు మూసుకుంటే గది మొత్తం కనబడుతుందనీ, కనబడింది కనబడినట్టే గీశాననీ సుమన చెప్పింది.

పరమేశ్వర్ కుర్చీలోంచి లేచాడు. షోకేసు మీది ఖోలీని రెండు చేతులతో ఎత్తి, దాని మీద పాత చీరముక్క కప్పి, లోపలి గదిలో అటక కిందికి స్టూలు లాక్కున్నాడు. సుమన ఫోను పెట్టేసి వెనకే వచ్చింది.

"అటక మీదెందుకు పెడ్తున్నవ్ బాపూ?"

"దుమ్ము పడ్తుంది."

రాజమ్మ పొయ్యి ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. "దుమ్ము ఏడాదిన్నర సంది పడ్తనే ఉంది," అంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు కండ్లు మూసుకొని గీయలే. ఆ షోకేసు ముంగట కూసొని గీసినవ్. నెల రోజులు నీకు చాయ్ ఆడికే తెచ్చిచ్చిన."

సుమన ముఖం ఎర్రబడింది. ఆ ఖోలీలో తాను పుట్టిందనీ, తొమ్మిదేళ్లు అక్కడే పెరిగిందనీ, బాపు అట్టముక్కలు అంటించినంత మాత్రాన ఆ ఇల్లు బాపు ఒక్కడిదే అయిపోతుందా అనీ గబగబా అనేసింది. ఆ బొంత మీద పడుకుంది తను కాదా? ఆ స్టవ్వు మీద కాగిన పాలు తాగింది తను కాదా?

"కిటికీ కింద నేనే కద పండుకునేది. పొద్దుగాల ఎండ సీదా నా మొఖం మీద పడేది. అది సుత బాపు ఖోలీని చూసే యాదికొచ్చిందంటవా అమ్మా?"

ఆ ఖోలీని భర్త కడుతున్నప్పుడు కిటికీ సంగతి రాజమ్మ గమనించింది. ముసలితనంలో మరిచిపోయి ఉంటాడు, ఇంత కష్టపడి చేస్తున్నవాడికి తప్పు ఎత్తిచూపడం ఎందుకని ఊరుకుంది.

"మనకు కిటికీ ఏడుండె బిడ్డా?" అంది మెల్లగా. "మూడు దిక్కుల గోడలు, ఒక దిక్కు తలుపు. ఎండెట్లొస్తది?"

సుమన తల్లిని నమ్మలేదు. తండ్రి వైపు చూసింది. పరమేశ్వర్ ఖోలీని కింద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

"లేకుండె బిడ్డా," అన్నాడు. "అది నేను పెట్టిన."

ఎందుకు పెట్టాడో అతనే చెప్పాడు, ఇద్దరి ముఖాలూ చూడకుండా, చీరముక్క అంచు సర్దుతూ.

"మీ అమ్మ అడిగేది. స్టవ్వు పొగకు కండ్లు మండుతున్నయి, జర కిటికీ పెట్టియ్యమని. ఇంటి షేఠ్‌ను మూడుసార్లు అడిగిన. గోడకవతల వేరేటోళ్ల మగ్గాల సాంచాలున్నయి, గోడ ముట్టొద్దన్నడు. ఇంటికొచ్చి ఏమని చెప్పాలె? చెప్పలే. గిప్పుడు నా చేతనైన కాడ పెట్టిన."

రాజమ్మ తలుపు రెక్క పట్టుకుంది. కిటికీ కోసం తాను అడిగిన సంగతే ఆమెకు గుర్తులేదు. కొత్త కాపురంలో ఒక ఏడాదో రెండేళ్లో అడిగి ఉంటుంది. వినిపించుకోలేదని అలిగి, ఆ తర్వాత అలక కూడా మానేసి ఉంటుంది. అతను వెళ్లి అడిగాడని, ఒకసారి కాదు మూడుసార్లు కాదనిపించుకుని వచ్చాడని ఆమెకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

సుమన నేల మీద కూర్చుంది. చీరముక్క తొలగించి ఆ కిటికీని చూసింది. సన్నటి తీగలతో ఊచలు, తెరిచి ఉంచిన రెండు రెక్కలు. తన పుస్తకంలో పాప పడుకున్నది ఈ కిటికీ కిందే. ఎండ పడింది ఆ ఊచల్లోంచే.

"నిజంగనే యాదికి ఉందనుకున్న బాపూ," అంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు వేరే బొమ్మలు పట్టుకుని రెండేళ్లు తిరిగితే పది మంది కాదన్నారు. ఈ సంపాదకురాలు మొదటి బొమ్మ చూడగానే, జ్ఞాపకంతో గీశారా అని ఆశ్చర్యంగా అడిగింది. తల ఊపితే చాలు, ఊపింది. బాపు కట్టిన ఖోలీని చూసి గీశానంటే, మరి మీ గొప్పేముంది అంటారేమోనని భయపడింది. ఒకసారి ఊపిన తలను తర్వాత ఎలా అడ్డంగా తిప్పాలో తెలియలేదు. కృతజ్ఞతల పేజీలో తండ్రి పేరు రాసి కొట్టేసింది. పేరు పెడితే ఎందుకు పెట్టావని అడుగుతారు కదా.

పరమేశ్వర్ అంతా విన్నాడు. పేరుదేముందిలే అంటాడని రాజమ్మ అనుకుంది. అతను అలా అనలేదు.

"బొమ్మలు నువ్వే గీసినవ్, మస్తుగ గీసినవ్. ఆ చెయ్యి నీదే, నాకు రాదు," అన్నాడు. "కాని నా పేరుంటదేమోనని చూసిన బిడ్డా. రెండుసార్లు వెతికిన."

సుమన తండ్రి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అతను అడ్డు చెప్పకుండా, గమ్ము మరకలు పోని ఆ వేళ్లతో తల నిమురుతూ కూర్చున్నాడు. రాజమ్మ వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ మళ్లీ చాయ్ పెట్టింది. పెడుతూ తనూ కాసేపు కళ్లు తుడుచుకుంది.

చాయ్ తాగుతూనే సుమన విలేకరికి ఫోను చేసి, తాను చెప్పినది నిజం కాదని చెప్పింది. మర్నాడు సంపాదకురాలితో మాట్లాడింది. ముందే చెప్పాల్సింది, నన్ను కూడా అబద్ధంలో నిలబెట్టావు అంది ఆవిడ. ఆ మాట పడింది సుమన. రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోను చేసింది. వచ్చే ముద్రణలో పరమేశ్వర్ పేరు మొదటి పేజీలోనే వేస్తామనీ, ఈలోగా దుకాణాల్లో ఉన్నవాటికి చీటీలు అంటించమనీ, వీలైతే ఆ ఖోలీ ఫొటో ఒకటి పంపమనీ చెప్పింది.

సూరత్ దుకాణాల్లో అమ్ముడుపోని పుస్తకాలన్నీ ఇంటికొచ్చాయి. శనివారం పొద్దున ముగ్గురూ హాల్లో చాప పరుచుకుని కూర్చున్నారు. చీటీ మీద పేరు ఎలా రాయమంటావని సుమన ముందే అడిగింది. పరమేశ్వర్ ఒక పూటంతా ఆలోచించాడు. "ఆడెపు పరమేశ్వర్ అని రాయి. పక్కన మాస్టర్ అని సుత రాయి," అన్నాడు. ఈ పుస్తకంలోని ఇల్లంతా మా నాన్న ఆడెపు పరమేశ్వర్ మాస్టర్ తన చేతులతో కట్టిన ఖోలీని చూసి గీశానని గుజరాతీలో అచ్చయింది. సుమన నాలుగు చీటీలు అంటించేసరికి నాలుగూ వంకరపోయాయి. పరమేశ్వర్ అవి చూసి ఓర్చుకోలేక, బాల్కనీలోంచి తన డబ్బా తెచ్చి మూత తీసి, స్కేలు పెట్టి గీత గీసి, ఇక ఎవరినీ గమ్ము ముట్టుకోనివ్వలేదు. తల్లీ కూతుళ్లకు పుస్తకాలు అందించే పని మాత్రమే మిగిలింది.

పని అయ్యేసరికి మధ్యాహ్నమైంది. పరమేశ్వర్ మిగిలిన అట్టముక్కలను ఎండలో పట్టుకుని మందం చూస్తున్నాడు. ఈసారి ఏం చేస్తావని సుమన అడిగింది. ఈ ఫ్లాటే చేస్తానన్నాడు. నేను గీసుకోవచ్చా అని ఆమె అడిగితే, ముందు నన్ను చేయనీ అని నవ్వాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

"ఏమే, ఇంట్ల ఏం తక్కువున్నదో ఇప్పుడే చెప్పు. లేనిది సుత పెడ్త."

రాజమ్మ ఇల్లంతా ఒకసారి కలయజూసింది. చాప మీద పుస్తకాల దొంతరలు, వేళ్లకంటిన గమ్మును నలుపుకుంటున్న కూతురు, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు, ఒళ్లో అట్టముక్కతో జవాబు కోసం చూస్తున్న ఈ మనిషి. నిజంగానే ఆలోచించింది. ఎంత వెతికినా ఏదీ దొరకలేదు.

"ఏం లేదయ్యా," అంది. "ఉన్నది ఉన్నట్టు కట్టు."