ప్లిమత్ డిక్కీ తాళం

మారేడ్‌పల్లి మలుపులో, పట్టపగలు, ఏజెంట్ జకర్యాను కాల్చేశారు. నల్ల ప్లిమత్ కారు డిక్కీలో అతను దూర్చిన మారుతాళం లోపలే విరిగిపోయింది. డిక్కీ బిగుసుకుపోయింది. లోపల, స్టెప్నీ కింద, మన రాడార్ మ్యాపుల మైక్రోఫిల్మ్ ఉంది.

"విదేశీ ముఠా ఆ కారును ఇవ్వాళే బొంబాయి రేవుకు పంపుతోంది," అన్నాడు చీఫ్ మధుసూదన్, ఏజెంట్ యెషయాతో. "డిక్కీ పగలగొట్టి తాడుతో కట్టుకుని పోతే చెక్‌పోస్టులో ఆపుతారు. అందుకే తాళం మార్పిస్తున్నారు. ముఠాలో ఉన్న మన డోరా, మెకానిక్‌గా నిన్నే పంపమంది. నీ పేరు బ్రహ్మచారి. కోడ్ వర్డ్, రాగి వాషర్."

యెషయా గుండె గంతులేసింది. వచ్చే నెలలో డోరాతో అతని పెళ్ళి. ఫిల్మ్‌తో పాటు ఆ పిల్లనూ ప్రాణాలతో బయటికి తెచ్చుకోవాలి. ఇంకేమీ అక్కర్లేదు వెర్రివాడికి!

యెషయా నుదుట విభూతి, ఒంటిమీద నూనె మరకల ఖాకీ చొక్కా. రాంగోపాల్‌పేట్ షెడ్డులో డోరా షిఫాన్ చీరలో, నల్లకళ్ళద్దాలతో నిలబడి ఉంది. పక్కన ముఠా డ్రైవర్ కామరాజు.

"రాగి వాషర్ తెచ్చినవా?" అంది, ముక్కూమొహం తెలియనట్టు.

"ఉందమ్మా."

యెషయా వెనక సీటు ఊడబీకాడు. రేకు సందులోంచి చెయ్యి మాత్రమే దూరింది. మోచెయ్యి గీరుకుపోతున్నా తడుముకుంటూ క్లిప్పు లాగాడు. పాత తాళం బారెల్, జకర్యా మారుతాళం ముక్కతో సహా, ఊడి వచ్చింది. కొత్తది బిగించి తాళంచెవి తిప్పాడు. డిక్కీ టక్కున తెరుచుకుంది.

కామరాజు చాయ్ అందించాడు. అలవాటు కొద్దీ యెషయా కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. ఓరి దేవుడా, నేను బ్రహ్మచారిని కదా! విభూతి పెట్టుకుని ప్రార్థనేమిటి! డోరా ప్రాణం తీశానే అనుకుంటూ కళ్ళు తెరిచాడు.

"ప్రార్థన అయిందా? జెర జల్దీ తాగన్నా, బొంబాయి దూరముంది," అన్నాడు కామరాజు తాపీగా, పెట్రోల్ డబ్బా కోసం వెళ్తూ.

వీడు ఆశ్చర్యపోడేం? అంటే నేనెవరో వీడికి ముందే తెలుసు. చెప్పగలిగింది డోరా ఒక్కతే. జకర్యాను పట్టించిందీ ఆవిడే. నన్ను ఏరికోరి పిలిపించుకున్నది తాళం కోసమన్నమాట! యెషయాకు ఒళ్ళు రగిలిపోయింది.

డోరా డిక్కీలోకి వంగి స్టెప్నీ ఎత్తింది. ఎడమచేతిలో ఫిల్మ్ డబ్బీ. కుడిచేతిలో లిప్‌స్టిక్‌లా కనిపించే బుల్లి పిస్తోలు. ఆమె తిరిగేలోపు యెషయా పిస్తోలు ఊడలాక్కుని, ఆమెను లోపలికి తోసి, మూత దించి, తాళం తిప్పేశాడు.

తిరిగొచ్చిన కామరాజు రివాల్వర్ తీశాడు. కాలిస్తే గుండు డిక్కీలోని డోరాకే తగులుతుంది. వాడు తటపటాయించిన ఆ క్షణంలో యెషయా స్టీరింగ్ అందుకున్నాడు, ప్లిమత్ రోడ్డెక్కింది.

మౌలాలి ఆఫీసు దాకా వెనక దబదబా గుద్దులు. సీటు ఊడదీసి ఉండటంతో ప్రతి మాటా వినబడింది.

"యెషయా! ఊపిరాడ్తలేదు! నేను నీ డోరాను!"

అతను ఏడుస్తూనే నడిపాడు. కారు మాత్రం ఆపలేదు.

డిక్కీ తెరిపించి, ఫిల్మ్‌నూ డోరానూ స్వాధీనం చేసుకుని చీఫ్ భుజం తట్టాడు. "శభాష్ యెషయా! ఏం కావాలో అడుగు."

"ఆదివారం ఒక్కపూట సెలవివ్వండి సార్. చర్చిలో మా పెళ్ళి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. వెళ్ళి, నాకుందని చెప్పొస్తా."