అమ్మ చేతి కాఫీ

జబ్బుచేసి ఆసుపత్రిలో ఉండి వచ్చిన ఈ మూడు నెలలుగా బసవపున్నయ్యది ఒకటే గొప్ప. రాత్రుళ్లు లారీ తోలుతూ అలసట తెలియకుండా అలవాటు చేసుకున్న నల్లమందును తనంతట తానే వదిలేశానని. తెనాలిలో ఆ మాట వినని టీకొట్టు లేదు. సోమవారం నుంచి మళ్లీ లారీ అప్పగిస్తానని షావుకారు కూడా మాటిచ్చాడు. అది పందొమ్మిది వందల డెబ్బై రెండు వేసవి.

ఆ ఉదయం మాత్రం ఒళ్లు స్వాధీనంలో లేదు. ఆవులింతలు, ముక్కు కారడం, ఎముకల్లో సలుపు. భార్య రత్నం ఇచ్చిన కాఫీ సగం పంచె మీదే ఒలికింది.

"మళ్లీ మొదలెట్టావా మావా?" అంది రత్నం.

"ముట్టుకోలేదే. పిల్లల మీద ఒట్టు."

"ఆ ఒట్టు ఎన్నిసార్లు విన్లేదు?"

అతను గ్లాసు విసిరికొట్టాడు. నిజం చెప్పినా నమ్మే మనిషి లేకుండా చేసుకున్నది తనే. అది తెలుసు గనకే ఒళ్లు మండింది. పైగా ఈ బాధ అతనికి కొత్త కాదు. నల్లమందు ఆపేస్తే వచ్చే బాధ ఇది. తిననివాడికి ఆపడమేమిటి?

బాపట్లలో కూతురి దగ్గర రెండ్రోజులుండి తల్లి అంకమ్మ అప్పుడే వచ్చింది. కొడుకు వాలకం చూసి, కాళ్లయినా కడుక్కోకుండా వంటింట్లోకి నడిచింది. గబగబా కాఫీ కలిపి, బొడ్లోంచి చిన్న పొట్లం తీసి నల్లటి పలుకొకటి అందులో వేసింది. తల తిప్పేసరికి గుమ్మంలో కొడుకు.

"ఏంటమ్మా అది?"

అంకమ్మ దాచలేదు. "ఆవగింజంత నల్లమందేరా. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నువ్వట్టా అల్లాడతంటే చూళ్లేకపోయా. చంటప్పుడు నువ్వు ఏడిస్తే పెట్టలా? ఆ రోజుల్లో అందరం పెట్టినోళ్లమే."

"రోజూనా?"

"తగ్గించుకుంటా వస్తన్నా."

మూడు నెలల పౌరుషమంతా అమ్మ కలిపి పోసిందే. తల్లి మీద పట్టరాని కోపం రావాలి. రాలేదు. ముందు ఆ గ్లాసు మీదికే చెయ్యి పోయింది. అది తనకే తెలిసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

వెనకే వచ్చి అంతా విన్న రత్నం గ్లాసు లాక్కుని తూములో పారబోసింది. "ఇందాక అన్న మాట తప్పే మావా," అంది.

"షావుకారుకి ఇప్పుడే రానని చెప్పు. నన్ను గదిలో పెట్టి గడియెయ్యి. అమ్మా, నేనెంత అరిచినా తియ్యమాక."

మధ్యాహ్నం కాకముందే "అమ్మా, అమ్మా" అని తలుపు బాదడం మొదలుపెట్టాడు. అంకమ్మ లేచింది.

"వద్దత్తా," అని రత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. తన కళ్లూ ధారలు కడుతున్నాయి.

అంకమ్మ కోడలి పక్కనే కూర్చుండిపోయింది. కొడుకు ఏడుపు వింటూ కదలకుండా ఉండడం ఆ తల్లికి అదే మొదటిసారి.